అర్థానికి అర్థం

నా భార్య అండాలు పోయిన తర్వాత మా ఇంట్లో తెలుగు తగ్గిపోయింది. వినడానికి వింతగా ఉంటుంది గాని సంగతి అదే. బడికి పోతే హాజరు ఉర్దూలో, లెక్కలూ చరిత్రా ఉర్దూలో, తోటి ఉపాధ్యాయులతో ముచ్చట్లు ఉర్దూలో. నేను చెప్పే పాఠం ఇంగ్లీషు, దాన్ని విడమరిచేది మళ్లీ ఉర్దూలోనే. పాలమూరు ఫౌఖానియాలో, అంటే సర్కారు వారి పై తరగతుల బడిలో, నా ఉద్యోగమంతా అట్లాగే గడిచింది. సాయంత్రం తాళం తీసి ఇంట్లోకి వస్తే ఇక మాట్లాడే పనే ఉండదు. అన్నం పొంగి పొయ్యిలో పడ్డప్పుడు ‘అరెరే’ అనేవాణ్ని. కొన్ని రోజులు నేను మాట్లాడిన తెలుగు అంతే.

అట్లాగని ఎప్పుడూ దుఃఖంలోనే ఉన్నానని కాదు. పక్కింటి బక్కమ్మ పొద్దున్నే తన వాకిలి ఊడ్చి పేడనీళ్ల సానుపు చల్లేటప్పుడు నా వాకిలి కూడా చల్లేది. చల్లమని నేను అడగలేదు. చల్లుతున్నానని ఆమె చెప్పలేదు. ఆ చప్పుడుకు మెలకువ వచ్చిన పూట, ఇంట్లో ఇంకెవరో ముందే లేచి పనిలో పడ్డట్టు ఉండేది. కళ్లు తెరవకుండా కాసేపు అట్లాగే పడుకునేవాణ్ని.

యుద్ధం మొదలైన రెండో ఏడు, వానలు వెనకపట్టిన రోజుల్లో, జడ్చర్ల తోవ మీది మిషన్ దవాఖాన నుంచి డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె అమెరికా దేశస్థురాలు. తెలుగు నేర్చుకున్నది ప్రార్థనల్లో గనుక ఎప్పుడూ ఆ తెలుగే మాట్లాడేది.

“కిష్టయ్యగారూ, మా యొద్ద జానమ్మ అను నర్సు కలదు. ఆమె మిక్కిలి తెలివిగలది. ఆమెకు ఇంగ్లీషు మాటలు కావలెను.”

సంగతి ఇది. మద్రాసు ఇలాకాలో ఆడవాళ్లకు వైద్యం నేర్పే మిషన్ బడి ఒకటి ఉన్నది. నాలుగేళ్లు చదివితే చిన్న డాక్టరు అవుతారు. అక్కడికి ఈ దవాఖాన తరఫున ఒక్కరిని పంపవచ్చు. నిజాం ఇలాకాలో ఉర్దూ మీద మెట్రిక్ చేసినవాళ్లు మాత్రం ముందు సికిందరాబాదులో ఒక ఇంగ్లీషు పరీక్ష ఇవ్వాలి. వైద్య పుస్తకాలు చదివి అర్థం చేసుకోగలరని చూపించుకోవాలి. బజారు ఇంగ్లీషు, రోగిని పలకరించే ఇంగ్లీషు అక్కడ పనికిరావు. పుస్తకాల్లో వచ్చే బరువైన మాటలు రావాలి. పరీక్ష వేసవి మొదట్లో. జానమ్మకు ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. అప్పుడు ఆ అవకాశం ఇంకొక ఊరి దవాఖానకు పోతుంది, ఈమె ఉన్నన్నాళ్లూ కట్లు కడుతూ ఉండవలసిందే.

నేను సరేనన్నాను. సెలవు దినం కుదరడమే కష్టమైంది. మా సర్కారు బడికి సెలవు శుక్రవారం, మిషన్ వాళ్లకు ఆదివారం. జానమ్మ తోటి నర్సును బతిమాలి, ఆదివారం పని తాను చేసి, శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ తీసుకున్నది. ప్రార్థనకు ఆలస్యంగా వస్తున్నదని పాస్టరు సణిగాడట.

మొదటి శుక్రవారం ఇద్దరు వచ్చారు. జానమ్మకు ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్లు ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, తెల్లచీరలో నిటారుగా నిలబడ్డది. వెనుక ఆమె తల్లి సాలమ్మ, కూలిపని చేసే మనిషి, ముఖాన ఎండ మరకలు. ఇద్దరూ వాకిట్లోనే ఆగారు.

“పైకి రండి,” అన్నాను.

“గీడ మంచిగనే ఉన్నది అయ్యా,” అన్నది సాలమ్మ. “మేము కూసుంటె మీ అరుగు కరాబైతది.”

“అరుగు ఎందుకున్నది సాలమ్మా? కూర్చోవడానికే గదా.”

జానమ్మ ఎక్కింది. సాలమ్మ మొదటి మెట్టు మీద, సగం బయటికి, కూర్చున్నది. ఎండన పడి కోసెడు దూరం నడిచి వచ్చారు. నేను లోపలికి పోయి కుండలో నీళ్లు ముంచి తెచ్చాను. సాలమ్మ అలవాటు చొప్పున వంగి దోసిలి పట్టింది, నేను పైనుంచి పోస్తానని. నేను గ్లాసును ఆమె దోసిట్లోనే పెట్టాను. ఆమె దాన్ని అట్లాగే పట్టుకొని చూసింది.

“మంచిగ సల్లగున్నయి,” అన్నది, ఇంకా తాగకముందే.

చదువెందుకని నేను జానమ్మను అడగలేదు. ఆమే చెప్పింది. “మా డాక్టరమ్మ రోగిని జూసి, లోపలికి వోయి లావు పుస్తకం తెరిచి సదువుతది సారూ. సదివి మూస్తది. బయటికొచ్చి నాకు మందు పేరు చెప్తది. నడుమ ఏం సదివిందో నాకు తెల్వది. నాకు గా పుస్తకం తెరవాలని ఉంటది.”

మేమందరం ఎట్లా నేర్చుకున్నామో అట్లాగే మొదలుపెట్టాను. పలక మీద ఎడమ పక్కన ఇంగ్లీషు మాట, కుడి పక్కన దాని ఉర్దూ అర్థం. విద్యార్థి రెండూ కలిపి వల్లెవేయాలి. నా చిన్నప్పుడు మా మాస్టరు అట్లాగే చెప్పాడు, నేను నా పిల్లలకు అట్లాగే చెప్పాను. జానమ్మ మెట్రిక్ చదివింది కూడా అట్లాగే. ఆమె జ్ఞాపకశక్తికి నేను ఆశ్చర్యపోయాను. వారం కింద చెప్పిన మాటలు ఏ వరుసలో అడిగినా, చేతులు కట్టుకొని, కళ్లు కొంచెం పైకెత్తి గడగడా చెప్పేది. ఇంత సులువుగా పాఠం సాగడం నా ఉద్యోగంలో ఎన్నడూ ఎరగను.

శుక్రవారాల కోసం చూడటం మొదలైంది. ముందురోజే అరుగు తుడిచేవాణ్ని. చాప దులిపి వేసేవాణ్ని. మూడో గ్లాసు ఎక్కడుందో వెతికి, చింతపండు పెట్టి తోమాను.

బక్కమ్మ ఒకనాడు గోడ మీదుగా అడిగింది. “సారూ, శుక్రారం శుక్రారం మీ ఇంటికి సుట్టాలొస్తున్నరేంది?”

“చదువు కోసం బక్కమ్మా.”

“సదువు బళ్లె ఉండాలె గని అరుగు మీదనా? నాకేం పోయింది. వాడకట్టోళ్లు అంటున్నరు.”

“వాడకట్టువాళ్లు ఏమంటున్నారు?”

“అనేటోళ్లు మస్తు అంటరు. మీరు పెద్ద సదువు సదివినోళ్లు, మీకు నేను చెప్పాల్నా?”

ఆ మరునాటి నుంచి సానుపు తడి ఆమె వాకిలి అంచున ఆగిపోయింది. గీత గీసినట్టు అవతల తడి, ఇవతల దుమ్ము. నేను చీపురు తీసుకొని ఊడ్చాను. ఊడ్చడం పెద్ద పనేమీ కాదు. మెలకువ మాత్రం ఆలస్యంగా రాసాగింది.

సంక్రాంతి దాటింది. ఒక శుక్రవారం సాలమ్మ ఒక్కతే వచ్చింది. దవాఖానలో కష్టపు కాన్పు పడిందట, జానమ్మ వెనుక వస్తుందట. సాలమ్మ అప్పటికి మెట్టు దాటి అరుగు మీదికి వచ్చింది. స్తంభానికి ఆనుకొని కాళ్లు చాపుకున్నది.

“బిడ్డ ఇంటి దగ్గర చదువుతున్నదా?” అని అడిగాను.

“సదువుడా! తొవ్వ పొంటి గదే పాట అయ్యా. మా దవాఖాన లైన్ల ఉన్నోళ్లు, ఏం సాలమ్మా, నీ బిడ్డ మంత్రాలు నేర్సుకుంటున్నదా, తేలుకా పాముకా అని అడుగుతున్నరు. ఇని ఇని నాకు గూడ అంటుకున్నది. చూడు మల్ల.”

కొంగు సర్దుకొని మొదలుపెట్టింది. “ఇనెవిటబుల్ నాగుజీర్. రిలక్టెంట్ బాదిలె నాఖాస్తా. నెవర్దిలెస్ తాహమ్. ఎవిడెన్స్ షహాదత్. హైపాతిసిస్ మఫ్రూజా.” కలుపు తీసే మనిషి సాలు విడవకుండా పోయినట్టు పోతూనే ఉన్నది. నేను పోయిన వారం చెప్పినవి కూడా వచ్చాయి. ఎక్కడా తప్పు లేదు.

నాకు నవ్వు వచ్చింది. అండాలు పోయిన తర్వాత అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. సాలమ్మ కూడా నవ్వింది.

“వీటికి అర్థమేమి సాలమ్మా?”

“నన్నడుగుతవేంది అయ్యా? నేను సదివిన్నా? నా బిడ్డనడుగు.”

నవ్వు నోట్లోనే ఉండగా, బిడ్డకైనా తెలుసా అని అనుమానం వచ్చింది. జానమ్మ వచ్చింది, చేతులు ఫినైలు వాసన కొడుతూ. కాన్పు మంచిగా అయిందట, ఆడపిల్లట. కూర్చోనిచ్చి అడిగాను.

“ఇనెవిటబుల్ అంటే ఏమిటి జానమ్మా?”

“నాగుజీర్ సారూ.”

“నాగుజీర్ అంటే?”

“ఇనెవిటబుల్ సారూ.”

“అది సరే. తెలుగులో?”

ఆమె నా ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది. నేను ఏదో కొత్త పాఠం అడుగుతున్నానని భయపడ్డది.

“తెలుగుల గూడ ఉంటదా సారూ?”

ఆ పూట పలక పక్కన పెట్టాను. పాత ఇంగ్లీషు పత్రిక నుంచి ఒక చిన్న వ్యాసం ఇచ్చి చదవమన్నాను. చదివింది, తప్పు లేకుండా. ప్రతి మాటకూ ఉర్దూ చెప్పింది. మొత్తం మీద ఆ వ్యాసం రాసినాయన ఏమంటున్నాడని అడిగితే తల వంచుకున్నది. రెండు తాళాలు ఒకదానికొకటి వేసి ఉన్నాయి, తలుపు ఎక్కడుందో ఆమెకు ఎవరూ చూపలేదు. సికిందరాబాదులో అడిగేది అదే. ఉర్దూ అడగరు. రాసినాయన ఏమంటున్నాడని అడుగుతారు.

“గట్లైతే నేను ఫేలేనా సారూ?” అన్నది, గొంతు మామూలుగానే పెట్టి.

“ఇంకా రోజులున్నాయి,” అన్నాను. ఎక్కువ లేవు.

తర్వాతి శుక్రవారానికి నేను సిద్ధపడి కూర్చున్నాను. ఇనెవిటబుల్‌కు అనివార్యము, కాన్సిక్వెన్స్‌కు పర్యవసానము, హైపాతిసిస్‌కు పరికల్పన. నాకు తెలిసిన మంచి తెలుగు అదే. చదివి వినిపించాను.

“గిది ఏ ఊరి మాట సారూ?” అని అడిగింది జానమ్మ.

“మా పాస్టరయ్యకు కోపమొచ్చినప్పుడు గిట్లనే అంటడు,” అన్నది సాలమ్మ.

అది మూడో తాళం. ఇక నాకు తోచలేదు. పలక మీద రిలక్టెంట్ అని రాసి ఉన్నది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. మామూలు తెలుగులో, ఇంట్లో మాట్లాడే తెలుగులో, ఈ మాట ఎప్పుడు వాడాను? ఎవరితో వాడాను? నేను ఇంటి తెలుగు మాట్లాడింది ఒక్క మనిషితో. వెతకడానికి నాకు ఉన్న చోటు అదొక్కటే. అక్కడికి పోవాలని నాకు లేదు.

“మా ఇంటామెది రామన్నపేట,” అన్నాను చివరికి. “నల్గొండ దిక్కు. ఏటా పుట్టింటికి పోయి, తిరిగి వచ్చేటప్పుడు బండి కట్టి తయారుగా ఉన్నా ఎక్కేది కాదు. వాళ్లమ్మతో ఒక మాట, చెల్లెతో ఒక మాట. నేను తొందర పెడితే అనేది: రావాలనే ఉన్నదండీ, కాళ్లే వస్తలేవు.”

జానమ్మ పెదవులు కదిలాయి. “కాళ్లే వస్తలేవు. గదేనా సారూ రిలక్టెంట్?”

“అదే.”

“అమ్మగారికి పాలమూరు నచ్చలేదా?”

“నచ్చింది. ఇల్లు నచ్చింది, నీళ్లు నచ్చాయి. అయినా కాళ్లు రాలేదు.”

ఆమె ఒక్కసారి తలెత్తింది. “అయినా. గది నెవర్దిలెస్! ఆగుండ్రి సారూ, చెప్పకుండ్రి. అంత నచ్చింది, నెవర్దిలెస్ కాళ్లు రాలే.” అరచేత్తో చాప మీద కొట్టింది. “గింతేనా? తాహం తాహం అని నెల దినాలు సంపుకున్న గదా!”

ఆ తోవ దొరికింది. ఆ తోవలోనే పోవలసి వచ్చింది.

హైపాతిసిస్ కావలసి వస్తే అండాలు వంటింట్లో కూర్చొని నా చెప్పుల చప్పుడు వినేది. “ఇయ్యాల హెడ్మాష్టరు ఏమో అన్నడు, మనిషి బరువుగ నడుస్తున్నడు,” అని తనలో తాను అనుకునేది. అది హైపాతిసిస్. లోపలికి వచ్చి నేను పుస్తకాల పెట్టె దబ్బున కింద పెడితే అది ఎవిడెన్స్. ఒకనాడు అంతా సరిపోయింది, పెట్టె కూడా దబ్బున పడ్డది. ఆమె మజ్జిగ కలిపి తెచ్చి, హెడ్మాష్టరును నాలుగు మాటలు తిట్టి, నన్ను ఓదార్చింది. నా కాలిలో ముల్లు విరిగింది, అంతే. హెడ్మాష్టరు ఆ రోజు బడికే రాలేదు.

సాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. “మీ ఇద్దరిది మంచి సోపతి అయ్యా.”

“షహాదత్ చాలలే, గందుకే మఫ్రూజా తప్పయింది,” అన్నది జానమ్మ. ఇప్పుడు ఆ ఉర్దూ మాటలకు కూడా ప్రాణం వచ్చింది. తర్వాత అదే ముక్క ఇంగ్లీషులో చెప్పింది, తడుముకుంటూ, తన సొంత మాటలతో.

ఇంకొక శుక్రవారం గ్రాడ్యువల్లీ వచ్చింది. మెల్లమెల్లగా అని చెప్పి వదిలేయవచ్చు. కాని ఆమె అలవాటు పడ్డది. “అమ్మగారిది ఏమన్న ఉంటదా సారూ?” అని అడిగింది.

ఉన్నది. “ఆమె గాజులు మణికట్టు దగ్గర బిగువుగా ఉండేవి. తర్వాత చెయ్యెత్తితే కొంచెం జారేవి. ఆ తర్వాత మోచేతి దాక పోయేవి. ఏ రోజు నుంచి అంటే నేను చెప్పలేను. రోజూ చూస్తూనే ఉన్నాను గదా.”

జానమ్మ నర్సు. ఏ రోగమని అడగలేదు. ఆమెకు తెలిసింది. సాలమ్మ వాకిలి దిక్కు చూస్తూ కూర్చున్నది. పలక మీద తర్వాతి మాట ఇనెవిటబుల్. మొదటి నుంచీ మిగిలిపోయింది అదే. నేను గొంతు సవరించుకున్నాను.

“గది నాకు తెలిసింది సారూ,” అన్నది జానమ్మ. చెయ్యి చాచి ఆ మాటను వేలితో తుడిచేసింది. “మీరు చెప్పకుండ్రి. వేరేది రాయుండ్రి.”

ఆ పూట నాకు అంతకు మించిన మేలు ఎవరూ చేసి ఉండలేరు.

అక్కడినుంచి ఆమె తన ఉదాహరణలు తానే తెచ్చుకోసాగింది. పుండు మీద కట్టు విప్పనియ్యని ముసలాయన రిలక్టెంట్. పక్క మంచం ఆమెకు జ్వరం తగ్గింది గనుక అదే మందు తనకూ ఇమ్మని కొట్లాడే నాగులమ్మ హైపాతిసిస్. మందు పనిచేసిందనడానికి బుగ్గ మీద చెయ్యేసి చూస్తే సరిపోదు, కాగితం మీద వేడి రాయాలి, అది ఎవిడెన్స్. వారం వారం నా అవసరం కొంత కొంత తగ్గుతూ వచ్చింది. అది మంచిదే. అందుకే గదా కూర్చున్నది. పత్రికలో ఏ వ్యాసం ఇచ్చినా చదివి, పత్రిక మూసి, “గీయన ఏమంటడంటె సారూ,” అని మొదలుపెట్టేది. ఒక్కొక్కసారి ఆయన అన్నది తప్పని కూడా చెప్పేది.

పరీక్ష రోజు వచ్చింది. మిషన్‌లో అది ఏప్రిల్, మా బడి హాజరు పట్టీలో ఫసలీ నెల ఖుర్దాద్. డాక్టరమ్మ ఆమెను రైలులో సికిందరాబాదు తీసుకుపోయింది. ఆ రోజు నేను తరగతిలో నెవర్దిలెస్ అని రాసి, తాహమ్ అని రాసి, పిల్లల వైపు తిరిగి, “అయినా,” అన్నాను. తరగతి ఒక్కసారి నవ్వింది. సర్కారు బడిలో మాస్టరు నోట తెలుగు రావడం వాళ్లెరగరు. నవ్వు ఆగినాక వెనుక వరుసలో ఎవరో మెల్లగా, “ఓహో,” అన్నారు.

శుక్రవారం వచ్చి చెప్పింది. ఒక కరువు గురించిన వ్యాసం ఇచ్చారట. అందులో నేను చెప్పని మాట ఒకటి వచ్చిందట, అన్‌ప్రిసిడెంటెడ్.

“భయమైంది సారూ. మల్ల జూసిన. తాతలు సుత ఇసొంటి కరువు జూడలే అని కిందనే రాసిండు. ఇంక నాకు దొరికింది. ముందెన్నడు లేంది, గంతే గద?”

“అంతే.”

“మీరు చెప్పలే. నేనే తీసిన.”

ఆమె ముఖం వెలుగుతున్నది. నేను సంతోషంగానే తలాడించాను.

ఫలితం రావడానికి నెల పట్టింది. పాఠాలు లేవు, బడికి వేసవి సెలవులు. ఆ నెలలో ఒకనాడు మధ్యాహ్నం, ఊరికే కూర్చొని, రామన్నపేట బండి తలచుకున్నాను. రావాలనే ఉన్నదండీ, కాళ్లే వస్తలేవు. మాట వచ్చింది. వచ్చింది జానమ్మ గొంతులో. మళ్లీ ప్రయత్నించాను. చెప్పుల చప్పుడు, హెడ్మాష్టరు, మజ్జిగ, అన్నీ జానమ్మ చెప్పుకున్నట్టే వినిపించాయి, చాప మీద అరచెయ్యి కొట్టిన చప్పుడుతో సహా. కళ్లు మూసుకొని చాలాసేపు కూర్చున్నాను. అండాలు ముఖం వచ్చింది, చీర వచ్చింది, పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. కొన్ని రోజులు దానితో అవస్థ పడ్డాను. తర్వాత వెతకడం మానుకున్నాను.

డాక్టరమ్మ స్వయంగా వచ్చి, “మన జానమ్మ ఉత్తీర్ణురాలాయెను,” అన్నది. ఏమంత గొప్ప మార్కులు కావు, కాని చాలు. వానలు పడగానే బయలుదేరాలి. నేను లోపలికి పోయి డాక్టరమ్మకు నీళ్లు తెచ్చాను. తెచ్చేలోగా ముఖం తుడుచుకున్నాను.

కర్నూలు దిక్కు పోయే బండి పొద్దున వస్తుంది. డాక్టరమ్మ దవాఖానలో ఒక ఆపరేషన్‌లో ఇరుక్కొని రాలేకపోయింది. స్టేషనుకు వచ్చింది నేనూ సాలమ్మా. జానమ్మకు ఒక రేకు పెట్టె, ఒక మూట. ఆడవాళ్ల డబ్బాలో కిటికీ పక్కన కూర్చున్నది. సాలమ్మ కమ్మీ పట్టుకొని ఆగకుండా చెబుతున్నది.

“నెత్తికి నూనె వెట్టుకో. గాడ మూడు పూటల బువ్వనేనట, జొన్నరొట్టె దొరకదట, కడుపుకు పట్టకుంటె చెప్పు. ఊకె సదువుకుంట కూసోకు, కండ్లు పోతయి. ఏడ్వకు. నేను ఏడుస్తున్ననా?”

“ఏడుస్తలేవు అవ్వా.”

“మల్ల!”

బండి కదిలే ముందు జానమ్మ నా వైపు వంగింది. “సారూ, ఇంక శుక్రారం ఏం జేస్తరు?”

“సెలవు గదా. పడుకుంటాను.”

ఆమె ఇంకేమో అనబోయింది. బండి కూత పెట్టింది. సాలమ్మ కమ్మీ వదలలేదు. బండితో కొంత దూరం నడిచింది, తర్వాత ఉరికింది, తర్వాత ప్లాట్‌ఫారం అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు తోవలో మేమిద్దరమే. నేను ముందు, ఆమె చాలా వెనుక. ఊళ్లో ఆమె వాళ్లు మా వాళ్ల వెనుక నడిచే దూరమది. అది ఆమెకు ఒకరు చెప్పవలసింది కాదు. నేను నిదానించాను, ఆమె నిదానించింది. నేను ఆగాను, ఆమె ఆగి రోడ్డు పక్కకు తిరిగి నిలబడ్డది.

“రా సాలమ్మా, కలిసి పోదాం.”

“నువు నడువయ్యా. నేనొస్త.”

“నువ్వే ముందు నడువు.”

“అట్ల నడుస్తరా ఎక్కడన్న? నడువు, నడువు.”

తోవ మీద బండ్లు పోయి పోయి రెండు గాళ్లు పడి ఉన్నాయి. నేను ఒక గాడిలోకి దిగి నడిచాను. కొంతసేపటికి ఆమె రెండో గాడిలోకి వచ్చింది. పక్కన కాదు, వెనుకనే, కాని మాట అందే దూరంలో.

“అయ్యా, నాలుగేండ్లంటె గంత సదువు ఏముంటది?”

“మొదట ఎముకల పేర్లన్నీ నేర్చుకోవాలి.”

“జర జోరుగ చెప్పు, ఇనవడ్తలేదు.”

తల వెనక్కి తిప్పి గట్టిగా చెప్పాను. మార్కెట్టుకు గడ్డిమోపులు తీసుకుపోయేవాళ్లు ఆగి మమ్మల్ని చూశారు.

“ఎముకలకు పేర్లెందుకయ్యా? నొప్పి లేస్తె ఏ ఎముకో గా ఎముకకే ఎరుక గద!”

“ఎముకకు తెలుస్తుంది. డాక్టరుకు తెలియాలి గదా.”

“గదీ నిజమే.” కాసేపు నడిచింది. “మల్ల ఎముకలైనంక?”

“తర్వాత నరాలు. తర్వాత గుండె, ఊపిరితిత్తులు.”

“గుండెకు ఏడాది వడ్తదా?”

“దగ్గర దగ్గర.”

మా ఇంటి సందు వచ్చింది. ఆమె ఇంకా అడుగుతూనే ఉన్నది, శవాన్ని కోస్తరంట నిజమేనా, నా బిడ్డకు గప్పుడు బువ్వ ఎట్ల పోతది అని. ఆమె పోవలసిన దవాఖాన తోవ అక్కడినుంచి నేరుగా పోతుంది. నేను సందు దాటి, జవాబు చెబుతూ, ముందుకు నడిచాను.